కిరాయి ఎవరి ఖాతాలోకి? సాఫ్ట్‌వేర్‌లో పార్టీలవారీగా ఫ్రైట్ రేట్లు పెట్టడం

విజయవాడలో పైపులు, వాటర్ ట్యాంకులు, డ్రిప్ సామాన్లు హోల్‌సేల్‌గా అమ్మే ఒక షాపును ఊహించుకుందాం. గుడివాడ పార్టీకి (అక్కడి కొనుగోలుదారుకు) సరుకు పంపితే లారీ కిరాయి షాపే పెట్టుకుంటుంది. ఖమ్మం పార్టీకి బిల్లులోనే వేస్తుంది. భీమవరం పార్టీ సరుకు ట్రాన్స్‌పోర్ట్‌లో వేసి బిల్టీ (ట్రాన్స్‌పోర్ట్ వాళ్లిచ్చే రసీదు) మీద ‘టు పే’ అని రాయిస్తారు, సరుకు విడిపించుకునేటప్పుడు ఆయనే కట్టుకుంటాడు. నూజివీడు పార్టీకి యాభై వేలు దాటిన ఆర్డరైతే ఉచితం, లోపైతే ఆ రోజు టాటా ఏస్ వాడు ఎంత అడిగితే అంత. ఇవేవీ ఎక్కడా రాసి ఉండవు. ఏళ్ల తరబడి బిల్లులు కొడుతున్న గుమస్తా తలలో ఉంటాయి. ఆయన వారం రోజులు సెలవు పెడితే ఒకరికి కిరాయి రెండుసార్లు పడుతుంది, ఇంకొకరికి అసలు పడదు.

వ్యాపారం కొంచెం పెరిగాక ఈ లెక్కంతా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలని అనిపిస్తుంది. అనిపించాల్సిందే. అయితే చాలాచోట్ల పని మొదలయ్యే తీరే తప్పు. సెట్టింగ్స్ తెరిచి ‘కిలోకి ఎంత పెడదాం?’ అని అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి. లారీ వాడికి మనం ఇచ్చేది ఎంత? పార్టీ దగ్గర మనం తీసుకునేది ఎంత? ఈ రెండూ ఒకే అంకె కావాలని ఎక్కడా లేదు. చాలా సందర్భాల్లో కాదు కూడా. ఒకటి ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో బేరం, ఇంకొకటి పార్టీతో మాట. రెండింటినీ ఒకే పట్టికలో కలిపేసిన రోజు నుంచే సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క మీద నమ్మకం పోవడం మొదలవుతుంది.

కామర్స్ చదివిన వాళ్లకు క్యారేజ్ ఇన్‌వర్డ్స్, క్యారేజ్ ఔట్‌వర్డ్స్ గుర్తుండే ఉంటాయి. మొదటిది ట్రేడింగ్ ఖాతాలోకి, రెండోది లాభనష్టాల ఖాతాలోకి వెళ్లేది. కంపెనీ నుంచి మన గోడౌన్‌కు సరుకు తెచ్చుకున్న కిరాయి సరుకు ఖరీదులో భాగం. మన గోడౌన్ నుంచి పార్టీకి పంపిన కిరాయి అమ్మకం ఖర్చు. ఇక పార్టీ దగ్గర వసూలు చేసిన కిరాయి ఆదాయం. కాబట్టి లెడ్జర్లు కనీసం మూడు ఉండాలి. ఇచ్చిన కిరాయిలోంచి తీసుకున్న కిరాయిని అక్కడికక్కడే తీసేసి మిగిలినది ఒక్కటే రాసుకునే అలవాటు చాలా షాపుల్లో ఉంది. చూడ్డానికి సులువే. కానీ ఏ పార్టీ మీద కిరాయి ఎంత నష్టపోతున్నామో నెలాఖరులో చెప్పే దారి అక్కడితో మూసుకుపోతుంది.

షరతు ముందు, రేటు తర్వాత

పార్టీ మాస్టర్‌లో (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో పార్టీ వివరాలు ఉండే చోట) రేటు కంటే ముందు పెట్టాల్సింది కిరాయి షరతు. గోడౌన్ దగ్గర అప్పగింతా, పార్టీ గుమ్మం దాకా మన బాధ్యతేనా, పెయిడా (మనమే కట్టేయడమా), టు పేనా, బిల్లులో కలిపి తీసుకోవడమా? ఈ ఒక్క గడి నింపి ఉంటే మిగతా సగం ప్రశ్నలు పుట్టవు. టు పే పార్టీకి రేటు పట్టికే అక్కర్లేదు. గుమ్మం దాకా మనదే అనుకున్న పార్టీకి వసూలు రేటు సున్నా, కానీ ఖర్చు రేటు తప్పకుండా కావాలి.

ఈ షరతు పన్నును కూడా నడిపిస్తుంది. బిల్టీ ఇచ్చే ట్రాన్స్‌పోర్ట్ సంస్థకు కిరాయి కట్టేటప్పుడు రివర్స్ చార్జ్ కింద (సేవ ఇచ్చినవాళ్లకు బదులు తీసుకున్నవాళ్లు పన్ను కట్టే పద్ధతి) జీఎస్టీ కట్టాల్సి వస్తే, అది కిరాయి కట్టే బాధ్యత ఉన్నవాళ్ల మీద పడుతుంది. పెయిడ్ అయితే అమ్మినవాళ్ల మీద, టు పే అయితే కొన్నవాళ్ల మీద. ట్రాన్స్‌పోర్ట్ సంస్థే పన్ను వేసి బిల్లు ఇచ్చే పద్ధతి ఎంచుకుంటే అప్పుడు సంగతి వేరు. మాస్టర్‌లో షరతు తప్పుగా పడితే కిరాయితో పాటు ఆ నెల జీఎస్టీ రిటర్న్ కూడా తప్పుతుంది.

రేటు ఎవరికి కట్టాలి అన్నది తర్వాతి ప్రశ్న. పార్టీకి అనుకుంటారు. నిజానికి కట్టాల్సింది సరుకు దిగే చోటుకు. బిల్లు ఏలూరు షాపు పేరు మీద ఉండొచ్చు, సరుకు చింతలపూడి దగ్గర తోటలో దిగొచ్చు. ఒక పార్టీకి నాలుగు డెలివరీ చిరునామాలు ఉంటే నాలుగు రేట్లు ఉండాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో బిల్లింగ్ చిరునామా, డెలివరీ చిరునామా వేరువేరుగా పెట్టే వీలుంది. కానీ రెండో గడిని ఖాళీగా వదిలేస్తారు.

జిల్లా పేరును నమ్ముకుంటే

రేట్లను ఊరూరికీ కాకుండా జోన్లవారీగా పెట్టడం మంచి పద్ధతే. జోన్‌ను దేనితో గుర్తించాలన్నదే చిక్కు. తెలుగు రాష్ట్రాల్లో జిల్లా పేరుతో జోన్లు కట్టుకున్నవాళ్లకు ఈ పదేళ్లలో గట్టి దెబ్బే తగిలింది. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. నూజివీడు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఊళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి, దూరం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. పాత పార్టీల మాస్టర్లలో కృష్ణా అని, కొత్తగా చేర్చిన వాళ్లకు ఏలూరు అని పడటంతో ఒకే వీధిలో ఉన్న రెండు షాపులకు రెండు కిరాయిలు పడే పరిస్థితి వచ్చింది.

ఆ గడబిడలో కదలనిది పిన్‌కోడ్. జిల్లా ఏదైనా నూజివీడు పిన్ 521తోనే మొదలవుతుంది. భీమవరం, చింతలపూడి ఇప్పుడు వేరువేరు జిల్లాలు, పిన్ మొదటి మూడంకెలు మాత్రం 534 ఒక్కటే. అందుకే జోన్‌ను పిన్‌తో కట్టడం మేలు. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది. మొదటి మూడంకెలతో ఆగిపోతే భీమవరం, చింతలపూడి ఒకే జోన్‌లో పడతాయి. ఒకటి డెల్టాలో, ఇంకొకటి మెట్టలో. లారీ వెళ్లే దారే వేరు. బేరాలు ఎక్కువగా ఉన్న చోట్ల ఆరంకెలూ వాడాలి, అప్పుడప్పుడు సరుకు వెళ్లే చోట్లకు మూడంకెలు చాలు.

రాష్ట్రం పేరుతో జోన్లు కట్టడం ఇంకా పెద్ద పొరపాటు. విజయవాడ నుంచి ఖమ్మం విశాఖపట్నం కంటే ఎంతో దగ్గర. అయినా వేరే రాష్ట్రం కాబట్టి ఖమ్మం బిల్లుకు ఐజీఎస్టీ, మన రాష్ట్రంలోనే ఉన్న విశాఖ బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. పన్నుకు రాష్ట్రం కావాలి, కిరాయికి దూరం కావాలి. ఒకే గడితో రెండు పనులూ చేయించాలని చూస్తే ఏదో ఒకటి చెడుతుంది.

బరువు అంటే ఏ బరువు?

రేటు పట్టికలో ‘కిలోకి 4 రూపాయలు’ అని రాయడం తేలిక. ఆ కిలో ఎక్కడి నుంచి వస్తుంది? సాఫ్ట్‌వేర్‌కు కాటా ఉండదు. ఐటెం మాస్టర్‌లో ఒక్కో వస్తువుకు రాసిన బరువును సంఖ్యతో గుణించి అదే నిజమనుకుంటుంది. బరువు గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకుంటుంది. లోపం ఉన్నట్టు హెచ్చరిక కూడా చూపించకుండా అతి తక్కువ స్లాబులో వేసేస్తుంది. కిరాయి తక్కువ పడిన పార్టీ ఫోన్ చేసి చెప్పదు. కాబట్టి రేట్లు పెట్టే ముందు అన్ని ఐటెంలనూ ఒకసారి బయటికి తీసి, బరువు సున్నా ఉన్నవాటిని చూసుకోవడం మొదటి పని. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని దాటేస్తే మిగతాదంతా వృథా.

బియ్యం వ్యాపారంలో జరిగింది చూడండి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. ఆ వెంటనే మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చేశాయి. కొత్త బస్తాకు కొత్త ఐటెం చేయకుండా, లేదా పేరు మార్చి బరువు మార్చకుండా వదిలేస్తే, 400 బస్తాల లోడులో 400 కిలోలు లెక్కలోంచి మాయమవుతాయి. లారీ వాడు కాటా చీటీ చూపించి 10,400 కిలోలకు కిరాయి తీసుకుంటాడు. షాపు 10,000 కిలోలకే వసూలు చేస్తుంది. ఖాళీ సంచి బరువు దీనికి అదనం.

బరువు తక్కువై చోటు ఎక్కువ ఆక్రమించే సరుకు ఇంకో రకం తలనొప్పి. వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకును ఒకరే దొర్లించుకుంటూ లారీ దాకా తీసుకెళ్లొచ్చు. కానీ లారీలో అది ఆక్రమించే చోటు చూస్తే వేరే కథ. మూడున్నర అడుగుల వెడల్పు, అంతే లోతు, నాలుగు అడుగుల ఎత్తు అనుకుంటే 49 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకు 10 కిలోలు లెక్క కట్టే ట్రాన్స్‌పోర్ట్ దగ్గర అది 490 కిలోలు. ట్యాంకు అసలు బరువు 20 కిలోలు అనుకున్నా, ఒకే వస్తువుకు 20 మీద, 490 మీద రెండు కిరాయిలు ఉంటాయన్నమాట. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు రెండింటిలో ఎక్కువ దాన్నే తీసుకుంటారు. దాన్నే చార్జబుల్ వెయిట్ అంటారు. మన సాఫ్ట్‌వేర్ అసలు బరువు మాత్రమే చూస్తుంటే ట్యాంకులు పంపిన ప్రతిసారీ నష్టమే. ఇక్కడ సులువైన దారి ఒకటుంది. ట్యాంకుల్లాంటి వాటికి బరువును వదిలేసి, ఒక్కో ట్యాంకుకు ఇంత అని రేటు పెట్టడం. లీటర్లను బట్టి నాలుగైదు రేట్లు చాలు, పార్టీకీ అర్థమవుతుంది.

పైపులది బరువు సమస్య కాదు, పొడవు సమస్య. 20 అడుగుల పైపు టాటా ఏస్‌లో పట్టదు. కట్ట బరువు తక్కువే అయినా పెద్ద బండి కావాలి. అలాంటి ఐటెంలకు ‘పొడవు సరుకు’ అని ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తున్న వస్తువు ఒక్కటి ఆర్డర్‌లో ఉన్నా మినిమమ్ చార్జీ పెద్ద బండిదే పడేలా చూసుకోవాలి.

స్లాబుల అంచులు

రేటు పట్టిక మధ్యలో ఎప్పుడూ బాగానే ఉంటుంది. అంచుల దగ్గరే తెగుతుంది.

100 కిలోల దాకా కిలోకి 4 రూపాయలు, 100 దాటితే మొత్తానికి కిలోకి 3 రూపాయలు అని పెట్టారనుకుందాం. 100 కిలోలకు కిరాయి 400. 101 కిలోలకు 303. అంటే 76 కిలోల నుంచి 100 కిలోల దాకా ఉన్న ప్రతి ఆర్డరూ 101 కిలోల ఆర్డరు కంటే ఎక్కువ కడుతుంది. తెలివైన పార్టీ ఇంకో రెండు ఎల్బోలు కలిపి ఆర్డర్ పెట్టి వంద రూపాయలు మిగుల్చుకుంటుంది. తెలియని పార్టీ ఏడాది పొడవునా ఎక్కువ కట్టి, ఒక రోజు తెలిసి గొడవకొస్తుంది. ఆ గొడవలో న్యాయం ఆయన వైపే ఉంటుంది.

దీనికి రెండు విరుగుళ్లున్నాయి. ఒకటి, పై స్లాబు మొదటి కిరాయి తక్కువగా ఉంటే అదే తీసుకోవడం. అంటే 90 కిలోలకు 360 కాకుండా 303. రెండోది, కరెంటు బిల్లులో యూనిట్ల లాగా మెట్లుమెట్లుగా లెక్కించడం. మొదటి 100 కిలోలకు 4 చొప్పున, ఆ పైన ఉన్నవాటికే 3 చొప్పున. అప్పుడు 101 కిలోలకు 403 అవుతుంది, గండి ఉండదు. కానీ 300 కిలోల పార్టీకి 900 బదులు 1,000 పడుతుంది. ఏది ఎంచుకున్నా పార్టీకి ముందే చెప్పాలి, సాఫ్ట్‌వేర్ ఏ పద్ధతిలో లెక్కిస్తుందో మనం ముందే తెలుసుకోవాలి. ‘100 దాటితే 3 రూపాయలు’ అన్న మాటకు రెండర్థాలూ వస్తాయి మరి.

ఒక్కో సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో తీరు. ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో డెలివరీ మెథడ్ కింద నియమాలు రాసుకోవచ్చు. బరువు, ఘనపరిమాణం, బిల్లు విలువ, సంఖ్య, వీటిలో దేనిమీదైనా షరతు పెట్టి, ఒక స్థిరమైన మొత్తం, దానిపై కిలోకి ఇంత అని చెప్పొచ్చు. నియమాలను పైనుంచి కిందికి చదువుతుంది, మొదట కుదిరినదాన్ని పట్టుకుని ఆగిపోతుంది. కాబట్టి ‘500 లోపు’ అన్న నియమం ‘50 లోపు’ కంటే పైన ఉంటే, 50 లోపు రేటు ఎన్నటికీ పనిచేయదు. ఇంకొకటి, ‘50 కంటే తక్కువ’, ‘50 కంటే ఎక్కువ’ అని రెండు నియమాలు రాసి, సరిగ్గా 50ని మర్చిపోవడం. ఒక్క సిమెంటు బస్తా 50 కిలోలే. ఆ ఆర్డర్‌కు ఏ నియమమూ కుదరలేదని సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. అక్కడికి నయం, కనీసం తప్పు బయటపడుతుంది.

ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్‌లో షిప్పింగ్ రూల్ అని ఉంటుంది. స్థిరమైన మొత్తం గానీ, బిల్లు విలువను బట్టి గానీ, బరువును బట్టి గానీ లెక్కిస్తుంది. ‘ఇక్కడి నుంచి ఇక్కడి దాకా’ అని అంచులు రాసేటప్పుడు ఒకదానిలో ఒకటి చొరబడితే సేవ్ కానివ్వదు, ఇది మెచ్చుకోదగ్గ గుణం. అయితే ఆ వరసలో రాసే మొత్తం ఆ స్లాబు అంతటికీ కలిపి. కిలోకి ఇంత అని కాదు. 4 అని రాసి కిలోకి 4 పడుతుందని అనుకుంటే, టన్ను సరుకుకూ 4 రూపాయలే పడుతుంది.

శాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇది కండిషన్ రికార్డుల (ఏ షరతుకు ఏ రేటో రాసుకునే నమోదుల) పని. స్లాబు మొత్తానికి ఒకే రేటా, మెట్లుమెట్లుగానా అన్నది ఎంచుకునే వీలు అందులో ఉంది. ఏ రేటు ముందు వెతకాలో వరస చెప్పొచ్చు. ముందు ఆ పార్టీకి ప్రత్యేక రేటు ఉందా, లేకపోతే ఆ జోన్ రేటు, అదీ లేకపోతే అందరికీ ఉన్న రేటు. ఈ వరస ఆలోచన చిన్న షాపుకూ కావాలి. ప్రత్యేక రేటు ఎప్పుడూ సాధారణ రేటును ఓడించాలి, రెండూ కలిసి పడకూడదు. ప్రత్యేక రేటు ఇచ్చిన పార్టీలు వందలో నలభై దాకా ఉంటే అది ప్రత్యేకం కాదు. జోన్ రేటే తప్పని అర్థం.

మన దగ్గర చిన్న, మధ్య తరహా షాపుల్లో ఎక్కువగా కనిపించేది ట్యాలీప్రైమ్. దాని బలం లెక్కల్లో ఉంది, కిరాయి పట్టికల్లో కాదు. బరువును, పిన్‌ను చూసి రేటు తానే వేయాలంటే టీడీఎల్ (ట్యాలీలో మార్పులు చేసే భాష) తెలిసిన వాళ్లతో మార్పు చేయించుకోవాలి. లేదా రేటు బయట లెక్క కట్టుకుని ఫ్రైట్ లెడ్జర్‌లో అంకె కొట్టాలి. ఎక్కువ షాపులు రెండోదే చేస్తాయి. అందులో తప్పేం లేదు, ఆ రేటు కార్డు గుమస్తా తలలో కాకుండా కాగితం మీద ఉన్నంత కాలం.

కిరాయి మీద పన్ను

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ట్రాన్స్‌పోర్ట్‌కు 5 శాతమే కదా, బిల్లులో వేసే కిరాయికీ 5 శాతం చాలనుకుంటారు. పార్టీకి సరుకు అమ్మి, గుమ్మం దాకా చేర్చే బాధ్యత తీసుకుని, బిల్లులోనే కిరాయి వేస్తే అది వేరే సేవ కింద లెక్కకు రాదు. సరుకు అమ్మకంలో భాగం. సరుకుకు ఏ రేటో కిరాయికీ అదే రేటు. సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాళ్లు కొన్నవాళ్ల దగ్గర తీసుకునే ఇలాంటి అనుబంధ ఖర్చులు సరుకు విలువలో కలుస్తాయి.

ఒకే బిల్లులో రెండు రేట్ల సరుకు ఉంటే? డ్రిప్ సామాన్లు 40,000 రూపాయలవి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటికి 5 శాతం. పీవీసీ పైపులు 60,000 రూపాయలవి, వాటికి 18 శాతం. కిరాయి 2,000. విలువను బట్టి పంచితే 800 రూపాయల మీద 5 శాతం 40, 1,200 మీద 18 శాతం 216, మొత్తం పన్ను 256. పంచకుండా అంతటికీ 18 వేస్తే 360. ఒక్క బిల్లులో 104 రూపాయల తేడా. ట్యాలీప్రైమ్‌లో ఫ్రైట్ లెడ్జర్ చేసేటప్పుడు దాన్ని పన్ను విలువలో కలపమని, సరుకు మీద పంచమని, విలువను బట్టా సంఖ్యను బట్టా అని చెప్పే ఎంపికలు ఇందుకే ఉన్నాయి. సంఖ్యను బట్టి అని పెడితే వెయ్యి డ్రిప్పర్లూ, యాభై పైపులూ ఉన్న బిల్లులో కిరాయి దాదాపు అంతా డ్రిప్పర్ల మీదికే వెళ్లిపోతుంది. రకరకాల యూనిట్లు అమ్మే షాపుకు విలువే సరైనది.

ఇంకో చోట కిరాయి గడి ప్రాణం మీదికి తెస్తుంది. ఖమ్మం పార్టీకి 42,000 రూపాయల పైపులు పంపుతున్నారు. 18 శాతం పన్ను 7,560. మొత్తం 49,560. యాభై వేలు దాటలేదు కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) అక్కర్లేదని లోడు ఎక్కిస్తారు. ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి కిరాయి 500 కలుపుతారు. దాని మీద పన్ను 90. బిల్లు 50,150 అయింది. ఈ-వే బిల్లు లేకుండా లారీ రాష్ట్రం సరిహద్దు దాటుతోంది. దారిలో ఆపితే డ్రైవర్‌కు ఒక టెన్షన్, షాపుకు జరిమానా. కిరాయి ఆర్డర్ దశలోనే లెక్కలోకి రావాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

హమాలీ చార్జీ గురించి ఒక్క మాట. దాన్ని కిరాయిలో కలిపేయకూడదు. ఎక్కించినందుకు బస్తాకు ఇంత అని ఇచ్చేది దూరంతో మారదు. కిరాయి దూరంతో మారుతుంది. పక్కపక్కన రెండు వరసలుగా పెడితే ఏది పెరిగిందో పార్టీకీ తెలుస్తుంది, మనకూ తెలుస్తుంది.

ఉచితం అన్న మాట, డీజిల్ అన్న మాట

‘యాభై వేలు దాటితే కిరాయి ఉచితం’ అని చెప్పడం ఒక నిమిషం పని. సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నలకు మాత్రం జవాబు సిద్ధంగా ఉండాలి. యాభై వేలు పన్నుకు ముందా, తర్వాతా? డిస్కౌంట్ తీసేయక ముందా, తీసేశాకా? ఒకే ఆర్డరును స్టాకు లేక మూడుసార్లుగా పంపితే మూడు ట్రిప్పులూ ఉచితమేనా? పార్టీ 52,000కి తీసుకుని 8,000 సరుకు తిరిగి పంపితే కిరాయి వేస్తారా? మూడు ట్రిప్పుల విషయంలో సరైన జవాబు ఇదీ అనుకోవచ్చు. స్టాకు లేకపోవడం మన తప్పు, కాబట్టి కిరాయి ఆర్డరుకు ఒక్కసారే పడాలి. పార్టీ తనంతట తాను విడతలుగా పంపమంటే ట్రిప్పు ట్రిప్పుకూ పడాలి. సాఫ్ట్‌వేర్ ఈ తేడా తనంతట తాను కనిపెట్టలేదు. విడతలు ఎవరి కోసమో చెప్పే గడి ఒకటి ఆర్డర్‌లో పెట్టాల్సిందే.

డీజిల్ ధర 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఏ రోజుకారోజు సవరించే పద్ధతిలోకి వచ్చింది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు అందుకే డీజిల్ సర్‌చార్జ్ అని విడిగా వేస్తుంటారు. పార్టీతో మనం పెట్టుకున్న రేటులోనూ దీనికి చోటు ఉండాలి. కిరాయిలో డీజిల్ వాటా 40 శాతం అని ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. లీటరు 100 నుంచి 105కి పెరిగితే, 5 శాతంలో 40 శాతం, అంటే కిరాయి 2 శాతం పెరగాలి. కిలో 4 రూపాయలది 4 రూపాయల 8 పైసలు అవుతుంది. 5 టన్నుల లోడుకు 400 రూపాయలు ఎక్కువ. ఇలా సూత్రం రాసి ఉంటే పెంచినప్పుడు పార్టీ అడగదు. తగ్గినప్పుడు మాత్రం తప్పకుండా అడుగుతుంది, తగ్గించి తీరాలి.

రేటు మారినప్పుడు పాత అంకె మీద కొత్త అంకె రాసేయడం చేయకూడని పని. పాత రేటుకు ముగింపు తేదీ పెట్టి, కొత్త రేటు కొత్త వరసలో రాయాలి. లేకపోతే మార్చి బిల్లు ఎందుకు అంత వచ్చిందని జూన్‌లో అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. తేదీ అంటే ఏ తేదీ అన్నది కూడా తేల్చుకోవాలి. ఆర్డర్ 30న ఇచ్చి, సరుకు 3న బయలుదేరితే ఏ నెల రేటు? పార్టీ ఆర్డర్ ఇచ్చిన రోజు రేటు చూసుకునే ఇచ్చాడు. ఆలస్యం మనదైతే పాత రేటే న్యాయం. చాలా సాఫ్ట్‌వేర్లు అడగకుండానే బిల్లు తేదీని తీసుకుంటాయి, మార్చుకోవచ్చేమో చూసుకోవాలి.

సీజన్ సంగతీ ఉంది. మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే నెలల్లో, ధాన్యం కోతలప్పుడు లారీలు దొరకడం కష్టమవుతుంది, కిరాయిలు పెరుగుతాయి. ఆ భారం పార్టీ మీద వేయాలా వద్దా అన్నది వ్యాపారి నిర్ణయం. వేయకపోయినా ఖర్చు పట్టికలో మాత్రం ఆ నెలల రేటు వేరుగా పెట్టుకోవాలి. అప్పుడే ఏడాది మొత్తం మీద కిరాయి ఎంత మింగిందో నిజం కనిపిస్తుంది.

పట్టిక పెట్టాక

రేట్లన్నీ ఎక్కించాక వెంటనే వాడకంలోకి దించకూడదు. కిందటి నెల బిల్లుల్లోంచి ఓ ముప్పై తీసి, కొత్త పట్టికతో మళ్లీ లెక్క కట్టి చూడాలి. దూరం ఊళ్లవి, ట్యాంకులు ఉన్నవి, విడతలుగా వెళ్లినవి, తిరిగొచ్చినవి తప్పకుండా అందులో ఉండాలి. ప్రతి స్లాబు దగ్గరా మూడు తూకాలు కొట్టి చూడాలి. అంచుకు కాస్త కింద, సరిగ్గా అంచు మీద, కాస్త పైన. ఈ పని చేసేటప్పుడు గుమస్తాను పక్కన కూర్చోబెట్టుకోవాలి. ‘ఈ పార్టీకి ఇంత ఎప్పుడూ వేయలేదండీ’ అని ఆయన అన్న ప్రతిచోటా రాయని ఒప్పందం ఒకటి దాగి ఉంటుంది. దాన్ని అప్పుడే మాస్టర్‌లోకి తెచ్చుకోవాలి.

బిల్లు కొట్టేవాళ్లకు కిరాయి మార్చే అధికారం ఉండాలా? ఉండాలి. వంతెన తెగి చుట్టూ తిరిగి వెళ్లిన లారీకి పట్టిక ఏం చెప్తుంది? కానీ మార్చిన ప్రతిసారీ కారణం రాయనిదే బిల్లు ముందుకు కదలకూడదు. ఆ కారణాలను నెలకోసారి చదవాలి. ఒకే ఊరికి ఒకే కారణంతో నాలుగుసార్లు మార్చి ఉంటే, మార్చాల్సింది ఆ ఊరి రేటును.

వసూలైన కిరాయి, ఇచ్చిన కిరాయి, ఈ రెండు లెడ్జర్లనూ పార్టీవారీగా పక్కపక్కన పెట్టి చూసే రోజు ఒకటి నెలలో ఉండాలి. ఇందుకు బిల్టీ నంబరు బిల్లులో పడి ఉండాలి, ట్రాన్స్‌పోర్ట్ బిల్లు ఎక్కించేటప్పుడు అదే నంబరు మళ్లీ కొట్టాలి. ఆ నంబరు లేకపోతే రెండు వైపుల మొత్తాలు మాత్రమే దొరుకుతాయి, ఏ లోడు మీద పోయిందో దొరకదు. మొదట చెప్పుకున్న గుడివాడ పార్టీ, ఎప్పుడూ ఉచితంగా సరుకు అందుకునే పార్టీ, ఆ పట్టికలో మొదటిసారి కనిపిస్తుంది. ఆయన మీద ఏడాదికి వచ్చే లాభం ఒక గడిలో, ఆయనకు పెట్టిన కిరాయి పక్క గడిలో. ఉచితం కొనసాగించాలా, కనీస ఆర్డర్ పెట్టాలా, వారానికి రెండు ట్రిప్పులను ఒకటి చేయాలా అన్నది ఆయనతో కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ రెండు గడులు చాలు.